తేరు చక్రానికి నీళ్ళు

జమ్మలదొడ్డి వీరభద్రస్వామి తేరు గురించి ఆదోని తాలూకాలో వినని వాళ్ళు లేరు. అది పెద్ద తేరని కాదు, అంతకు రెండింతల తేర్లు చుట్టుపక్కల ఉన్నాయి. జమ్మలదొడ్డి తేరు పరుగెత్తుతుంది, అదీ దాని గొప్ప. గుడి ముందు కదిలి, బజారు దాటి, మిట్ట ఎక్కిందంటే, అక్కడి నుంచి తేరు చేరవలసిన పాదగట్ట దాకా అంతా పల్లమే. చక్రాలను వదిలేస్తే చాలు, తాళ్ళు లాగేవాళ్ళతో కూడా పనిలేదు. ఆ పరుగు చూడటానికే ఎమ్మిగనూరు నుంచి, చిప్పగిరి నుంచి, పత్తికొండ నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు. స్వామిని చూడటానికి వచ్చామని నోటితో అనేవాళ్ళు, అది వేరే సంగతి.

ఆ చక్రాలను వదలకుండా పట్టేది చెక్కలోళ్ళ ఇల్లు. అంటే ఉచ్చీరప్ప, అతని తమ్ముడు మారెప్ప. మిగతా రోజుల్లో ఇద్దరూ పత్తి చేలల్లో కూలి చేసుకునేవాళ్ళే. తేరు రోజు మాత్రం కొత్త పంచె గోచీ పెట్టి ముందు చక్రాలకు చెరొక పక్క నడుస్తారు. చేతిలో పొడుగాటి పిడి ఉన్న తుమ్మచెక్క, ఒక కొస లావుగా, ఒక కొస పలచగా ఉంటుంది. తిరిగే చక్రం కిందికి పలచని కొసను తోస్తే చక్రం దాని మీదికెక్కి ఆగిపోతుంది. వేయడం కంటే తీయడం కష్టం. ఎంత లోతుకు తోశామో తోసిన చేతికే తెలుస్తుంది. ఇంకొకరు వచ్చి పెరికితే వేళ్ళు పోతాయి, ఒక్కోసారి మనిషే పోతాడు. అందుకే వేసిన చెయ్యే తియ్యాలని తాతల నాటి నుంచి కట్టడి.

ఎప్పుడు వేయాలో ఎప్పుడు తీయాలో చెప్పేది ఊరి గౌడు దేవేంద్రప్ప. తేరు ముందరి పలక మీద నిలబడి తెల్లగుడ్డ ఊపితే తేరు కదలాలి, ఎర్రగుడ్డ ఊపితే ఆగాలి. ఆ గుడ్డలు పట్టే హక్కు గౌడు ఇంటిది. ఊళ్ళో మునసబు గిరీ కంటే ఆ రెండు మూరల గుడ్డకే విలువ ఎక్కువ. దాని కోసం దేవేంద్రప్ప దాయాది తిమ్మప్ప గౌడు ఎన్నో ఏళ్ళుగా కాచుకుని ఉన్నాడు. ఈ ఇంటివాళ్ళ చేతిలో తేరు ఒక్కసారి దారిలో నిలిచిపోతే చాలు, హక్కు ఆ ఇంటికి మారుతుంది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయిన మరుసటి యేడు, ఆదోని నుంచి పత్తి వ్యాపారులు కార్లలో తేరుకు వచ్చారు. గౌడు వాళ్ళకు పాదగట్ట దగ్గర షామియానా వేయించాడు, కుర్చీలు వేయించాడు. పొద్దున్నే అన్నదమ్ములిద్దరినీ పిలిచి, ఈ తూరి మిట్ట కాడ చెక్కలొద్దు, తేరు ఒకటే ఊపున దిగాల అన్నాడు.

మామూలుగా ఆ పల్లంలో సగం దాకా చెక్కలు వేస్తూ తీస్తూ దింపి, కింద జనం తప్పుకున్నాక వదిలేవాళ్ళు. పైనుంచే వదలడం ఎప్పుడూ లేదు. కింద జనం ఉంటారు గదా గౌడా అన్నాడు మారెప్ప.

“జనం సంగతి జనం సూసుకుంటారు. వాళ్ళొచ్చింది తేరు ఉరికేది సూసేకి. మీ చెక్కలు సూసేకి గాదు,” అన్నాడు గౌడు.

అన్నట్టే మిట్ట మీద తెల్లగుడ్డ ఊపాడు. తేరు కదిలింది, జారింది, ఉరికింది. కిందున్న వాళ్ళు తప్పుకోవాలనే చూశారు. కానీ వెనక ఉన్నవాళ్ళకు ముందు ఏం జరుగుతున్నదో కనబడదు గదా, ఇంకా బాగా చూడాలని వాళ్ళు ముందుకు తోస్తున్నారు. చంకల్లో బిడ్డలతో ఆడవాళ్ళు నడిమధ్యన ఇరుక్కుపోయారు. మారెప్ప ఒక్కసారి తలెత్తి పైకి చూశాడు. గౌడు చేతిలో ఇంకా తెల్లగుడ్డే ఉంది. మారెప్ప చెక్క పట్టుకుని చక్రానికి అడ్డంగా దూకాడు. తేరు ఆ ఆడవాళ్ళకు జానెడు దూరంలో ఆగింది. మారెప్ప దాని కింద ఉన్నాడు.

ప్రాణాలు దక్కినవాళ్ళు ఏడ్చుకుంటూ ఇళ్ళకు పోయారు. గౌడు మారెప్పను పక్కకు తీయించి, దీపాలు పెట్టేలోగా తేరును పాదగట్ట చేర్పించి, రాత్రికి గుడి ముందుకు మళ్ళించాడు. మర్నాడు చావడిలో పంచాయితీ పెడితే వాళ్ళలో ఒక్కరూ నోరు తెరవలేదు. ఎట్లా తెరుస్తారు, తెల్లారితే గౌడు చేనులో కూలికి పోవాలి. గౌడే మాట్లాడాడు. గుడ్డ ఊపకుండానే మారెప్ప చెక్క వేశాడని, స్వామి దారికి అడ్డం పోయినోన్ని స్వామి బలి తీసుకున్నాడని చెప్పాడు. పొద్దు తప్పి చెక్కను తాకినోడు ఎవరైనా అంతేనన్నాడు. పైగా వాని ముఖాన కల్లు వాసన వచ్చిందని ఒక మాట కలిపాడు. మారెప్ప జన్మలో కల్లు ముట్టి ఎరగడు. తేరు మైలపడింది కాబట్టి మైల చేసిన ఇంటివాళ్ళే శుద్ధి చేయాలని తీర్పు చెప్పాడు.

అట్లా మారెప్ప పెళ్ళాం తిప్పమ్మ చేత చక్రం కడిగించారు. మొగుడు పోయి ఒక పొద్దు కాలేదు. గుడి ముందర ఊరంతా చూస్తుండగా ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, మొగుని నెత్తురు ఎండిన చక్రాన్ని, దాని ఆకులను ఒక్కొక్కటిగా, పీచుతో రుద్ది రుద్ది కడిగింది. ఏడవలేదు. ఉచ్చీరప్ప చేతులు కట్టుకుని పక్కన నిలబడ్డాడు. ఎదురుగా అరుగు మీద గౌడు తమలపాకు నములుతూ, ఆ ఆకు సందున ఇంకా ఎరుపుంది, సరిగ్గా రుద్దమ్మా అన్నాడు. ఆ మాట ఉచ్చీరప్ప చెవిలో ముల్లు విరిగినట్టు ఉండిపోయింది.

ఆ వారంలోనే తిప్పమ్మ పుట్టినింటి వైపు పోయింది. ఎమ్మిగనూరులో గిరిజమ్మ అనే నేతగత్తె ఇంట్లో కండెలు చుట్టే పనికి కుదిరింది. ఊళ్ళో వాళ్ళు ఉచ్చీరప్పను చూసి ముసిముసిగా నవ్వుకునేవాళ్ళు. ఉప్పూకారం తినే మనిషేనా వీడు, తమ్ముణ్ణి చంపి తమ్ముని పెళ్ళాం చేత నెత్తురు కడిగిస్తే కుక్కిన పేనులా పడున్నాడు అని. ఆ మాటలనేవాళ్ళు పంచాయితీలో నోరు కుట్టేసుకున్నవాళ్ళే. పరుల పౌరుషం మీద మనవాళ్ళకు ఉన్నంత పట్టింపు ఇంక దేని మీదా ఉండదు. ఉచ్చీరప్ప అన్నీ విన్నాడు, ఒక్కటీ మరిచిపోలేదు. ముద్ద నోట్లో పెట్టుకున్నప్పుడల్లా ఆ ఆకులు నమిలే నోరే గుర్తొచ్చేది. దేవేంద్రప్ప గౌడు చావాలని కాదు అతని కోరిక, వాడు నేల మీదికి దిగాలని.

దసరా దాటాక సంత రోజున ఎమ్మిగనూరు పోయాడు. గిరిజమ్మ ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నాయి. తిప్పమ్మ గోడవారగా కూర్చుని రాట్నం తిప్పుతూ ఉంది. గిరిజమ్మ అతన్ని పక్కకు పిలిచి, ఈయమ్మ పని మంచిదేగానీ కండె మరీ బిగించి చుడుతుందని, మగ్గం మీద దారాలు తెగుతున్నాయని, కాస్త చెప్పి పొమ్మని అంది. ఉచ్చీరప్ప ఆ సంగతి ఎత్తలేదు. ఊరికి రమ్మన్నాడు, ఇల్లు పాడుపడుతోందన్నాడు.

“వస్తా బావా. తేరుకొస్తా,” అంది తిప్పమ్మ రాట్నం ఆపకుండానే. “దేవేంద్రగౌడు ఆ చక్రం కడగాల. నా మాదిరే మోకాళ్ళ మింద కూసోని, అందరూ సూస్తాండంగ కడగాల. అది సూసినాక నాకేం వద్దు.”

“వాడు గౌడు, తిప్పమ్మా.”

“నీ తమ్ముడు మనిషి గాడా?”

ఉచ్చీరప్ప తువ్వాలు దులుపుకుని లేచాడు. సంతలో ఏం కొందామని వచ్చాడో అదీ కొనకుండానే ఊరి దారి పట్టాడు. కొట్టడానికి పోతే గౌడుకు చుట్టూ జీతగాళ్ళు. కోర్టుకు పోతే సాక్షి చెప్పేవాడు లేడు. ఆ నడకలో అతనికి ఏ దారీ కనబడలేదు. దారి చూపించినవాడు గౌడే.

తేరు ఇంకా పక్షం ఉందనగా ఆదోని నుంచి పోలీసు ఇన్స్పెక్టరు ఒకాయన వచ్చాడు. కిందటేటి చావు సంగతి ఆయన దాకా పోయింది. దారి పొడుగునా గుంజలు పాతి తాళ్ళు కట్టాలన్నాడు, జనమంతా తాళ్ళ వెనకే ఉండాలన్నాడు, పల్లంలో తేరుకు ఎదురుగా పిట్ట కూడా ఉండకూడదన్నాడు. గౌడు అన్నిటికీ తల ఊపి, మజ్జిగ తాగించి పంపాడు. ఊరు మాత్రం ఒప్పుకోలేదు. తాళ్ళ అవతల నిలబడితే అరటిపండ్లు, ఎండు ఖర్జూరాలు తేరు మీదికి ఎట్లా విసిరేది, మోకు తాడు మీద చెయ్యి వేయకపోతే పుణ్యమెట్లా వచ్చేది, ఇంతోటి దానికి అంత దూరం నుంచి రావడమెందుకు అని సణిగారు. మనిషి పోయిన ఊరే అది. పోయినవాడు తమవాడు కాకపోతే జనానికి భయం ఎన్నాళ్ళుంటుంది.

కానీ ఒక్క భయం మాత్రం ఉండిపోయింది, అది చెక్క భయం. పొద్దు తప్పి తాకినోన్ని స్వామి తీసుకుంటాడని గౌడు చావడిలో చెప్పిన మాట ఇంటింటికీ పాకింది. చెక్కలు పట్టడానికి గౌడు ఎవర్ని అడిగినా చేతులు వెనక్కి పెట్టుకున్నారు. సొంత జీతగాళ్ళు కూడా, పని మానేస్తాం గానీ చెక్క ముట్టమన్నారు. చివరికి గౌడు ఉచ్చీరప్పనే పిలిపించాడు. పాతవి మనసులో పెట్టుకోవద్దన్నాడు, మీ తాతలు చేసిన సేవ అన్నాడు, రెండో చక్రానికి మీ పినతండ్రి కొడుకు బజారిని పెట్టుకోమన్నాడు. మిట్ట మీద ఈసారి కూడా వదిలేయాలని, తాళ్ళు కడతారు కాబట్టి భయం లేదని చెప్పాడు. తన పరువు కాపాడుకోవడానికి ఆడిన అబద్ధమే తన కాళ్ళకు చుట్టుకుందని ఆ పెద్దమనిషికి తట్టనే లేదు. ఉచ్చీరప్పకు మాత్రం అక్కడే, ఆ అరుగు ముందే తట్టింది. ఊరు ఊరంతా ముట్టడానికి భయపడే వస్తువు ఇప్పుడు తన ఒక్కని చేతిలో ఉంది.

“అట్లే కానీ గౌడా,” అన్నాడు. ఇంటికి వచ్చి ఆ పూట కడుపు నిండా తిన్నాడు.

తేరు నాడు మధ్యాహ్నానికే ఇసుక వేస్తే రాలనంత జనం చేరారు. పొద్దున కట్టిన తాళ్ళు పొద్దు తిరిగేసరికి ఎక్కడా లేవు. ఎవరో ఒకచోట ముడి విప్పారు, ఇంకెవరో గుంజ పెరికారు, మిగతావి జనం తొక్కిడికి పడిపోయాయి. బందోబస్తుకు వచ్చిన ఇద్దరు కానిస్టేబుళ్ళు అరిచి అరిచి గొంతులు పోగొట్టుకున్నారు. వాళ్ళు పోయి చెబితే గౌడు నవ్వి, పండగ పూట జనాన్ని గొడ్ల మాదిరి కట్టేస్తే ఎట్లప్పా అన్నాడు. ఆ మాట విని జనం ఈలలు వేశారు, గౌడంటే గౌడే అన్నారు.

తేరు కదిలింది. డప్పులు, కొమ్ములు. అరటిపండ్లు వానలా పడుతున్నాయి. ఉచ్చీరప్ప కుడి చక్రం పక్కన, బజారి ఎడమ పక్కన నడిచారు. నేను ఎప్పుడు వేస్తే అప్పుడు నువ్వూ వెయ్యి, నేను తీసేదాకా తీయొద్దు అని మాత్రమే బజారికి చెప్పి ఉన్నాడు. తేరు బజారు వీధి దాటింది. మిట్ట ఎక్కింది. పల్లం మొదలయ్యే చోట ఉచ్చీరప్ప కిందికి చూశాడు. పాదగట్ట దాకా తలలే తలలు. చెట్ల కొమ్మల మీద, బండ్ల మీద, ఒకరి భుజాల మీద ఒకరు. అందరి ముఖాల్లో ఒకటే ఆశ, ఇప్పుడు ఉరుకుతుంది ఇప్పుడు ఉరుకుతుంది అని.

పైన గౌడు తెల్లగుడ్డ ఊపాడు. ఉచ్చీరప్ప చెక్క వేశాడు. బజారి కూడా వేశాడు. తేరు ఒక్క ఊపు ఊగి నిలబడిపోయింది.

మొదట ఎవరికీ అర్థం కాలేదు. తెల్లగుడ్డ మళ్ళీ ఊగింది, ఇంకోసారి ఊగింది. ఉచ్చీరప్ప చెక్క పిడి మీద కూర్చున్నాడు. డప్పులు ఆగాయి. లాగండని గౌడు అరిస్తే జనం మోకులు పట్టి లాగారు, తేరు కదల్లేదు. అప్పుడు తిట్లు మొదలయ్యాయి. తేరు మీదికి విసరవలసిన పండ్లు ఉచ్చీరప్ప మీద పడ్డాయి. ఎండు ఖర్జూరం ఒకటి కనుబొమ్మ మీద తగిలి నెత్తురొచ్చింది. అతను తుడుచుకోలేదు.

గౌడు పైనుంచి దిగి వచ్చాడు. తొక్కి చంపిస్తానన్నాడు. ఊళ్ళో నిలువ నీడ లేకుండా చేస్తానన్నాడు. ఈ చెక్క పెరికేయండ్రా అని జీతగాళ్ళను అరిచాడు. వాళ్ళు ఒక అడుగు వెనక్కి వేశారు. పెద్ద జీతగాడు పుల్లన్న రెండు చేతులూ జోడించి, నువ్వే సెప్తివి గదా గౌడా, పొద్దు తప్పి ముడితే స్వామి వదలడని, మాకు పిల్లలుండారు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు అవునవునని తలలూపారు. నువ్వే తియ్యి గౌడా, నీ మీద స్వామికి దయ గదా అని గుంపులో ఎవరో అంటే గౌడు ఆ వైపు చూడలేదు. అబద్ధమని అందరికంటే బాగా తెలిసినవాడు అతనే, అయినా చెయ్యి ముందుకు పోలేదు. చక్రం కింద మారెప్ప ఎట్లా పడి ఉన్నాడో దగ్గర నుంచి చూసినవాడు కూడా అతనే మరి.

పొద్దు వాలుతోంది. దీపాలు పెట్టేలోగా తేరు పాదగట్ట చేరకపోతే ఊరికి వాన లేదని నమ్మకం. జనం కోపం మెల్లగా ఉచ్చీరప్ప మీది నుంచి గౌడు మీదికి తిరిగింది. తిమ్మప్ప గౌడు తెల్లటి పంచె కట్టుకుని ముందు వరసలోకి వచ్చి నిలబడ్డాడు. దేవేంద్రప్ప భుజం మీది గుడ్డల వైపు చూస్తూ మీసం సవరించుకున్నాడు. దేవేంద్రప్ప గొంతు తగ్గించాడు.

“నీకేం గావాల, ఉచ్చీరప్పా?”

“సక్రం కడగాల.”

“ఏముంది సక్రానికి?”

“మా తమ్ముని నెత్తురు,” అన్నాడు ఉచ్చీరప్ప. “మా తిప్పమ్మ కడిగింది. ఇంగ నువ్వు కడుగు. మోకాళ్ళ మింద కూసోని కడుగు. అయినాక సెక్క తీస్తా.”

తిప్పమ్మ అప్పటికే అక్కడుంది. ఎప్పుడు వచ్చిందో, ఎట్లా అంత జనాన్ని దాటుకుని వచ్చిందో, చంకలో నీళ్ళ బిందె, చేతిలో పీచు. గౌడు ఆమెను చూశాడు, తిమ్మప్పను చూశాడు, పడమటికి చూశాడు. నోట్లోని తమలపాకు ఉమ్మేశాడు. తర్వాత పట్టు ఉత్తరీయం నడుముకు చుట్టుకుని మోకాళ్ళ మీద కూలబడ్డాడు. ఉచ్చీరప్ప ఒంట్లో చల్లటి నీళ్ళు పోసినట్టయింది. యేడాదిగా తిన్న కూడు ఆ క్షణాన అరిగింది.

తిప్పమ్మ నీళ్ళు పోసింది. గౌడు రుద్దాడు.

“ఆ ఆకు సందున ఇంగా ఎరుపుంది. సరిగ్గా రుద్దు,” అంది తిప్పమ్మ.

ఆ మాట ఒకరి నోటి నుంచి ఒకరికి పాకి, గౌడు చక్రం కడుగుతున్నాడని పల్లం చివరి దాకా పోయింది. ఇంక జనాన్ని ఆపేవాడెవడు. తేరు పరుగు కంటే పెద్ద తమాషా ఇది. కిందున్న వాళ్ళు పైకి తోసుకొచ్చారు, వెనకున్న వాళ్ళు ముందుకు తోశారు, నాకు కనబడలేదంటే నాకు కనబడలేదని. షామియానాలోని పత్తి వ్యాపారులు కూడా కుర్చీలు వదిలి పరుగెత్తి వచ్చారు. కిందటేడు ఇరుక్కుపోయిన ఆడవాళ్ళే ఈ ఏడూ ఇరుక్కుపోయారు. తొక్కిడిలో పడిపోకుండా ఉండటానికి చేతికందిన మోకులు పట్టుకుని వేలాడారు. మోకులు బిగుసుకున్నాయి. తేరు కిర్రుమంది.

ఉచ్చీరప్పకు కింద చెక్క కదలడం తెలిసింది. బిందె నీళ్ళకు నేల బురదై, చెక్క అంగుళం జారింది. ఇంకో అంగుళం జారింది. గౌడు తల చక్రానికి ముందు వంగి ఉంది, అతనికి ఏమీ తెలియదు. పిడి మీద నుంచి లేచి చేతులు తీసేస్తే చాలు. ఎవరూ తనను అనరు. స్వామి తీసుకున్నాడంటారు, గౌడు నేర్పిన మాటే. ఉచ్చీరప్ప చేతులు వదులయ్యాయి. అతను తిప్పమ్మ ముఖంలోకి చూశాడు. ఆమెకు అంతా అర్థమైంది. వంగి అతని చెవి దగ్గర మాట్లాడింది.

“సంపొద్దు బావా. నీ తమ్ముడు సస్తే పాపమనిరి. వీడు ఈడ సస్తే స్వామిలో కలిసినాడంటారు, గద్దె కట్టి పూలు పెడతారు. వీనికి ఆ సావు ఇయ్యొద్దు. బతకనీ.”

ఉచ్చీరప్ప పిడి మీద బరువంతా వేసి కూర్చున్నాడు. చెక్క జారుతూనే ఉంది. బజారీ, ఒళ్ళంతా వెయ్యి అని అరిచాడు. తిప్పమ్మ గౌడు భుజం మీది ఎర్రగుడ్డ లాక్కుని, చక్రం ఆకుల మీద కాలు పెట్టి తేరు పలక మీదికి ఎక్కి ఊపింది. మాట వినని జనం గుడ్డకు మాత్రం వింటారు, పుట్టినప్పటి నుంచి అలవాటు. ఎర్రగుడ్డ కనబడగానే చేతులు మోకులను వదిలాయి. ముందువాళ్ళు వెనక్కి తగ్గారు, వెనకవాళ్ళు ఇంకా వెనక్కి. తేరు ఊగి నిలిచింది. గౌడు తలెత్తి తన జుట్టుకు తాకుతున్న చక్రాన్ని చూశాడు, పిడి మీద ఒళ్ళు అదుముకుని కూర్చున్న ఉచ్చీరప్పను చూశాడు. తిరిగి పీచు అందుకున్నాడు.

పల్లంలో ఒక్క మనిషి లేకుండా ఖాళీ అయ్యేదాకా ఉచ్చీరప్ప చెక్క తీయలేదు. తర్వాత జానెడు జానెడుగా, వేస్తూ తీస్తూ దింపాడు. దీపాల వేళకు తేరు పాదగట్ట చేరింది. ఈ యేడు తేరు సప్పగా జరిగిందని, ఉరకనే లేదని బండ్లెక్కుతూ చాలామంది సణుక్కున్నారు. అయితే గౌడు కడిగింది మాత్రం కడుపు నిండా చెప్పుకుంటూ పోయారు.

ఆ ఏడు ముంగారు తొలకరి వానలు బాగా పడ్డాయి. పత్తి విరగకాసింది. జనం లెక్క జనానిది, గౌడు చక్రం కడిగినందుకే స్వామి కరుణించాడన్నారు. మరుసటేడు మిట్ట మీద గౌడు తిన్నగా తెల్లగుడ్డ ఊపితే ఒక్కరూ మోకు ముట్టలేదు. మిట్ట మీద చక్రం కడిగినాకే తేరు దిగాల, అది స్వామి ఆన అన్నారు. తిమ్మప్ప గౌడు, నేను కడిగేదా అని ముందుకొచ్చాడు. దేవేంద్రప్ప కిందికి దిగాడు. అట్లా అది ఊరి కట్టడి అయిపోయింది. గౌడు కడుగుతుంటే జనం దూరంగా నిలబడి చూడాలి, కింద పల్లం ఖాళీగా ఉండాలి, చెక్కల మీద తేరు మెల్లగా దిగాలి. ఇన్స్పెక్టరు తాళ్ళు కట్టించి చేయలేనిది ఒక బిందె నీళ్ళు చేశాయి.

తిప్పమ్మ ఏ యేడూ మానలేదు. ఎమ్మిగనూరు నుంచి మొదటి బస్సుకు వచ్చి, తానే నీళ్ళు తోడి, తానే మోసుకొచ్చేది. నాలుగో ఏటికి గౌడుకు మోకాళ్ళు పట్టేశాయి. కూర్చోవడానికి చక్రం పట్టుకోవలసి వచ్చింది. కొడుకును కడగమంటే జనం ఒప్పుకోలేదు. ఆ ఏడు రుద్దుతూ రుద్దుతూ ఆగి, తల ఎత్తకుండా, పక్కనే పిడి మీదున్న ఉచ్చీరప్పకు కూడా సరిగ్గా వినబడనంత మెల్లగా అన్నాడు.

“తప్పు నాదే, తిప్పమ్మా. తెల్లగుడ్డ ఊపింది నేనే. మారెప్ప తాగలేదు. ఇంగ సాలించు.”

తిప్పమ్మ బిందె వంచడం ఆపింది. ఉచ్చీరప్ప ఆమెనే చూశాడు.

“ఇదే మాట లేసి నిలబడి సెప్పు గౌడా,” అంది ఆమె. “ఆ పొద్దు పంచాయితీల సెప్పినట్ల, అందరికీ ఇనపడేటట్ల సెప్పు. ఈ పొద్దే సాలిస్తా.”

గౌడు జనం వైపు చూశాడు. చెట్ల మీద, బండ్ల మీద, ఊరూరి నుంచి వచ్చిన ముఖాలన్నీ అతన్నే చూస్తున్నాయి. తిమ్మప్ప ముందు వరసలోనే ఉన్నాడు. గౌడు తల వంచుకుని పీచు తడుపుకున్నాడు, చక్రం రుద్దసాగాడు. తిప్పమ్మ నీళ్ళు పోసింది.